పెద్దకోడలు పెట్టిన పాస్‌వర్డ్

అత్త పోయినప్పటి నుంచి మా ఇంటి తాళంచెవుల గుత్తి నా నడుముకే ఉండేది. వరంగల్ బజారులో కింద మా చీరల టోకు దుకాణం, పైన ఇల్లు. ఇనప్పెట్టె గానీ, బీరువా గానీ, సరుకు గది గానీ, ఏది తెరవాలన్నా మామ మెట్ల కింద నిలబడి "పెద్దకోడలా!" అని కేక వేయాల్సిందే. ఆ కేక వింటే నాకు కడుపు నిండినట్టుండేది.

ఎనభైల చివర్లో దుకాణానికి కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటే నా తోడికోడలి వైభోగం మొదలైంది. హన్మకొండలో డిగ్రీ చదివి, కంప్యూటర్ కోర్సు కూడా చేసిన పిల్ల. ఆ సర్టిఫికెట్‌కు మామ అద్దం కట్టించి లక్ష్మీదేవి పటం పక్కనే తగిలించాడు. అందులో ఆమె పేరు ఇంతింత అక్షరాల్లో ఉండేది. వచ్చినవాళ్లు దేవికి దండం పెట్టి, ఆ పేరు పైకి చదివి మరీ కూర్చునేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

మేం సరుకు ఎక్కడ కొంటామో, ఏ ధరకు కొంటామో పక్క దుకాణాల వాళ్లకు తెలియకూడదని మామకు ఒకటే బెంగ. అందుకని కంప్యూటర్ అమ్మినవాళ్లు అందులో ఒక ప్రోగ్రామ్ వేసిచ్చారు. సరైన మాట కొడితేనే తెరుచుకుంటుంది. డిస్కు ఊడబీకి ఎత్తుకుపోయినా అందులో కనిపించేది పిచ్చిగీతలే. ఆ మాట మరిచిపోతే అమ్మినవాడు కూడా ఏమీ చేయలేడట. ఆ మాట తెలిసింది చిన్నకోడలికి ఒక్కదానికే.

"జర నాకు గూడ చెప్పరాదే చెల్లె," అన్నాను ఓ రోజు, చిక్కుడుకాయలు తుంచుతూ.

"వద్దక్కా. పాస్‌వర్డ్ అంటే ఒక్కల దగ్గర్నే ఉండాలె," అని నవ్వింది.

ఏం నవ్వు తల్లీ అది! అన్నం సహించలేదు నాకు ఆ పూట. పైగా మామ గిరాకీలతో, "ఇనప్పెట్టెదేముందయ్యా, సుత్తెతోని కొడితే పలుగుతది. మా చిన్నకోడలి తాళం మాత్రం ఎవ్వనికీ రాదు," అనేవాడు. గుత్తి నడుముకు పెట్టుకుని నేను అక్కడే నిలబడి ఉండేదాన్ని.

దీపావళి వచ్చింది. ఆ సాయంత్రం లక్ష్మీపూజ వేళకు దుకాణంలో ఒక్క తాళం కూడా వేసి ఉండకూడదని మా ఇంటి ఆనవాయితీ. దేవి వచ్చి మూసిన తలుపు చూసి తిరిగిపోతుందని భయం. అన్నీ బార్లా తెరిచి, వాటికి పసుపు కుంకుమ పెడతాం.

"బిడ్డా, దీని తాళం గూడ తియ్యి," అన్నాడు మామ కంప్యూటర్ చూపించి.

"మామా, ఇంతమంది వస్తరు, గట్ల తియ్యొద్దు," అందామె.

"లక్ష్మికే తాళమేస్తవా?"

ఆమె పాస్‌వర్డే తీసేసింది. మామ టీవీలాంటి దాని నెత్తికీ, కింద కీబోర్డుకూ బొట్లు పెట్టాడు. పక్క దుకాణం ఆయన లడ్డు నములుతూ తెర వైపు మెడ చాచినప్పుడల్లా, ఈమె కొంగు పరిచి అడ్డం నిలబడింది.

హారతి అయ్యాక తాళాలు మళ్లీ వేయడం పెద్దకోడలి చేతి పని. ఇనప్పెట్టె వేశాను, బీరువా వేశాను. నేరుగా కంప్యూటర్ ముందుకు వెళ్లి ఆగాను.

"ఇది గూడ నేనే ఎయ్యాలె గదా మామా?"

బజారు పెద్దలంతా చూస్తున్నారు. మామ కాదనలేకపోయాడు. తోడికోడలి మొహం మాడిపోయింది. నాకెంత హాయిగా అనిపించిందో!

"నీకు నచ్చిన మాట కొట్టక్కా. రెండుసార్లు అడుగుతది," అని చెప్పి ఆమె అటు తిరిగి నిలబడింది. ఏడో తరగతి వరకు చదివినదాన్ని, ఇంగ్లీషు అక్షరాలు నాకూ వచ్చు. కొట్టినవి తెర మీద కనిపించలేదు. అయినా వెతుక్కుని వెతుక్కుని కొట్టాను. తాళం పడింది.

మర్నాడు పొద్దున మరిపెడ నుంచి పెళ్లిబట్టల బేరానికి వ్యాపారులొచ్చి కూర్చున్నారు. మామ నన్ను పిలిచాడు. మాట కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. మళ్లీ తప్పే. మామకు చెమటలు పట్టాయి. సీజను సరుకు వివరమంతా అందులోనే ఉంది.

"నీకెందుకు ఇచ్చిన్నో! ఇది తెరవకపోతే ఆ గుత్తి గూడ తీసి చిన్నదానికియ్యి," అన్నాడు, అందరి ముందూ.

నేను గుత్తిని గుప్పిట్లో బిగించాను. తోడికోడలు మగవాళ్లందరినీ బయటికి పంపి తలుపు దగ్గరికేసింది.

"నువ్వు జర పక్కకు జరుగక్కా. ఏం మాట పెట్టినవో చెప్పు, నేను కొడ్త."

చెప్పడమా? దీనికా? చచ్చినా చెప్పకూడదనుకున్నాను. బయట మామ దగ్గు వినిపించింది.

"నా పేరు," అన్నాను.

ఆమె వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. నా వైపు చూసింది, మళ్లీ తెర వైపు చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"నీ పేరేందక్కా?" అని మెల్లగా అడిగింది.

ఆమె కాపురానికొచ్చి ఏళ్లయింది. ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. నేను పెద్దకోడల్ని, అక్కని, వదినని, పెద్దమ్మని. మా ఆయనకైతే "ఓయ్"ని. ఒక్కో అక్షరం చెప్పాను.

కొట్టింది. తెరుచుకోలేదు. అప్పుడు కీబోర్డు మీదికి వంగి, ఒక మూల కీ మీద ఉన్న కుంకుమ బొట్టును వేలితో చూపించింది. "నిన్న మామ బొట్టు పెడుతుంటే ఇది వత్తుకున్నదక్కా. నువ్వు కొట్టినయన్నీ పెద్దక్షరాలైనయ్. రాత్రి మిషన్ బంద్ చేసినంక ఇయ్యాల మళ్ల చిన్నక్షరాలే పడుతున్నయ్." ఆ కీ నొక్కి మళ్లీ కొట్టింది. తెరుచుకుంది. బయటి నుంచి మామ, "చిన్నకోడలు తెరిచింది, చూసిన్రా!" అని కేక వేశాడు. నాకు మళ్లీ భగ్గుమంది.

"మార్చుదామక్కా," అంది ఆమె గొంతు తగ్గించి. "సొంత పేరు పెట్టొద్దంటరు. తెలిసినోళ్లు ఇట్టే పట్టేస్తరు."

"ఈ ఇంట్ల ఎవ్వలు పట్టేస్తరే?" అన్నాను.

ఆమె పాస్‌వర్డ్ మార్చకుండానే తలుపు తీయడానికి లేచింది.