కుండబద్దలక్క ప్రవచన వరం

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదైతేనేం, కుట్టు ఫ్యాక్టరీలో అందరికీ ఆమె కుండబద్దలక్కే. ఎదుట ఎవరున్నా సరే, ఉన్నమాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పేస్తుంది మరి. పని కూడా తగినదే దొరికింది, చెకింగ్ టేబుల్ దగ్గర. కుట్టు వంకరగా ఉంటే సుద్దతో గీత కొట్టి వెనక్కి పంపడం. మేనేజరు స్వయంగా కుట్టిన నమూనా చొక్కాకీ గీత కొట్టి, "ఎవరిదైతే ఏంటండీ, వంకర వంకరే" అంది. ఆ చొక్కా నిజంగానే వంకర, అదీ చెప్పుకోవాలి.

చర్చిలో చివరి వరసలో కూర్చునేది, అక్కణ్ణుంచైతే అందరూ కనబడతారని. ప్రవచన వరమంటే రేపటి సంగతి చెప్పడం ఒక్కటే కాదనీ, కొందరికి పుట్టుకతోనే తప్పు కంటబడుతుందనీ, చూసి ఊరుకోలేని ఆ స్వభావం కూడా వరమేననీ ఒకసారి పాస్టరు అయ్యగారు అన్నారు. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. లోపల ఎంత పొంగిపోయిందో. ఆ వరం మనిషిని నిలబెట్టడానికి ఇచ్చిందని కూడా అన్నారు గానీ, ఆ ముక్క ఆమె చెవికెక్కలేదు.

ఆమెకి ఉన్నది ఒక్కడే తమ్ముడు. తల్లి పోయాక తనే పెంచింది. చెక్క సామాన్లకి పాలిష్ వేసేవాడు. పనిమంతుడే, తాగుడే కొంప ముంచింది. మానేశానని ఎన్నిసార్లు ఒట్టేశాడో, అన్నిసార్లూ ఆమె పట్టేసింది. వాడు బాగుపడాలని ఎన్ని ఉపవాసాలు చేసిందో, పాపం, అదీ నిజమే.

ఒక ఆదివారం తమ్ముడు సాక్ష్యం చెప్పడానికి లేచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆమె పక్కనుంచే ముందుకి నడిచాడు. గుప్పుమని వాసన.

"దేవుడి దయవల్ల నేను తాగుడు మానేసి ఇవాళ్టికి నలభై రోజులు," అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. "దేవుడి ఇంట్లో అబద్ధమాడకురా. కంపు ఇక్కడిదాకా కొడుతోంది."

తమ్ముడు అక్క వంక చూశాడు, మధ్యలోంచి నడిచి బయటికి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు. చెప్పింది కుండబద్దలక్క కదా, ఇంకెందుకు ఆపడం?

ఆరాధన అయ్యాక అయ్యగారు ఆమెని వెనక గదిలోకి తీసుకెళ్ళారు. అక్కడ కొత్త బల్ల ఆరుతోంది. పక్కనే పాలిష్‌కి లక్క కలిపిన గిన్నె, అది కరిగించే స్పిరిట్ డబ్బా, తడి గుడ్డ. గది నిండా అదే వాసన.

"తాగుడు మానేసినందుకు కృతజ్ఞతగా ఈ బల్లకి పాలిష్ చేసిస్తానన్నాడమ్మా మీ తమ్ముడు. ఈ రోజుకి పూర్తవ్వాలని తెల్లవారుజాము నుంచీ రుద్దుతూనే ఉన్నాడు. వాసన పోవాలని సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాడు," అన్నారు.

పాలిష్ వేసేవాడితో ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉన్న మనిషికి స్పిరిట్ వాసన తెలియదా? తెలుసు. తప్పు కోసం కాచుకుని ఉంది, అందుకని తప్పే తోచింది.

తమ్ముడు ఇప్పుడు విడిగా అద్దెకుంటున్న గదికి పరుగెత్తింది. తాళం. సోమవారం, మంగళవారం కూడా తాళమే. బుధవారం తలుపు తీసే ఉంది. గుమ్మంలోనే నిలబడిపోయి, "తప్పు నాదిరా. అందరి ముందూ నిన్నన్నాను, అందరి ముందే ఒప్పుకుంటాను. ఆదివారం రారా," అంది. ఆ గొంతులో బతిమాలడం వాడు ఎన్నడూ విని ఉండడు.

మంచం మీద కూర్చున్న తమ్ముడు తలెత్తలేదు. గదంతా వాసన. ఈసారిది స్పిరిట్ కాదు.

"ఇప్పుడెందుకక్కా," అన్నాడు నెమ్మదిగా. "నువ్వు చెప్పిందే నిజమైందిగా."