అమ్మమ్మ ఎంచిన ఫర్నేస్

చలికాలం మొదట్లో అమెరికాలో, క్యారీ ఊళ్లోని మా ఇంట్లో హీటింగ్ ఆన్ చేసిన రోజు, వేసవంతా గొట్టాల్లో పేరుకున్న దుమ్ము మాడి ఒక వాసన వస్తుంది. దాన్ని సువాసన అని ఎవరూ అనరు. నేను మాత్రం నేలలో వేడిగాలి వచ్చే వెంట్ దగ్గర పనేమీ లేకుండా కాసేపు నిలబడతాను. ఈసారి వాసనతో పాటు ఒక చప్పుడు కూడా వచ్చింది. చూడ్డానికొచ్చిన మెకానిక్, గొట్టాల్లోకి వేడిగాలి పంపే ఈ ఫర్నేస్ ఇంకో చలికాలం ఆగదని తేల్చి, మళ్లీ ఫర్నేసే పెట్టించుకుంటారా, దాని బదులు ఎయిర్ హ్యాండ్లరా అని అడిగాడు. ఈ ప్రశ్న మా ఇంట్లో మొదటిసారి పుట్టినప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

అప్పుడు మేం మిషిగన్‌లోని నోవైలో ఉండేవాళ్లం. దీపావళికే మంచు మొదలయ్యేది, గరాజ్ తలుపు సగం ఎత్తి కాకరపువ్వొత్తులు కాల్చుకుని, చేతులు గడ్డకట్టకముందే లోపలికి పరిగెత్తి వేడివేడి బూరెలు తినేవాళ్లం. అమ్మ ఇడ్లీ పిండి గిన్నెకి నా పాత స్వెటర్ తొడిగి బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన పెడితే, పొద్దున్నకి పిండి పొంగి స్వెటర్ మెడలోంచి తొంగిచూసేది. వచ్చే ఫిబ్రవరిలో అమ్మకి నెలలు నిండుతాయని, పురుడు పొయ్యడానికి ఆ ఏడు దీపావళికే గుడివాడ నుంచి అమ్మమ్మ వచ్చింది. నేత చీర మీద నాన్న కోటు, తలకి మంకీ క్యాప్, మేజోళ్లని బొటనవేలి పక్కన నొక్కిపెట్టి హవాయి చెప్పులు. రోజంతా వెంట్‌కి వీపు పెట్టుకుని, పిజ్జా డబ్బా అట్ట మీద గళ్లు గీసి నాతో అష్టాచమ్మా ఆడేది.

నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ పండగ ముందు పాత ఫర్నేస్ మొండికేసింది. ఒక పూట పనిచేస్తే ఒక పూట సెలవు. అమ్మమ్మ గవ్వలు మూటగట్టేసి, "ఇట్టాగయితే నా వల్ల కాదే, టిక్కెట్టు మార్చి పంపెయ్యండి నన్ను" అంది. అమ్మ వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. అమ్మమ్మ వెళ్లిపోతే బాలింతను చూసుకోవడానికి మిగిలేది నాన్నా, నేనూ. మా ఇద్దరికీ కలిపి వచ్చిన వంట నూడుల్స్.

నాన్న కార్ల కంపెనీలో ఇంజినీరు, కనుక సులువుగా తేలే విషయాన్ని తేలనిచ్చేవాడు కాదు. ఫర్నేస్ గ్యాస్ మండించి తనే వేడి పుట్టిస్తుంది. ఎయిర్ హ్యాండ్లర్‌కి సొంత మంట ఉండదు, పెరట్లో పెట్టే హీట్ పంప్ బయటి గాలిలోంచి పోగుచేసి ఇచ్చిన వేడిని ఇంట్లోకి ఊదుతుంది. ఒకటి వండేది, రెండోది వడ్డించేది. నాన్న మనసు రెండోదాని మీద ఉంది. అల్లుడితో నేరుగా మాట్లాడే అలవాటు అమ్మమ్మకి లేదు. ఆయన ఎదురుగా కూర్చున్నా నాతోనే చెప్పేది.

"నిప్పు లేని పొయ్యి ఏం పొయ్యో అడగవే మీ నాన్నని."

"అది పొయ్యి కాదు, సిస్టమ్ అని చెప్పమ్మా" అనేవాడు నాన్న, అదీ నాతోనే. ఇద్దరూ తెలుగే మాట్లాడుతున్నా మధ్యలో నేను దుబాసీని.

చివరికి పరీక్ష అమ్మమ్మే పెట్టింది. ఆదివారాలు ఊళ్లోని తెలుగువాళ్లలో ఎవరో ఒకరింట్లో భోజనాలుండేవి. అమ్మ వద్దంటున్నా వినకుండా తలంటి పోసుకుని, తడి జుట్టుకి తువ్వాలు చుట్టి, పైన మంకీ క్యాప్ పెట్టుకుని కార్లో కూర్చునేది. వాళ్లింటికి వెళ్లగానే వెంట్ ముందు జుట్టు విరబోసుకుని, కంచం అక్కడికే తెప్పించుకునేది. హీట్ పంప్ పెట్టించుకున్న మూర్తి అంకుల్ ఇంట్లో మజ్జిగన్నం అయిపోయినా కొసలు తడిగానే ఉన్నాయి. పై ఆదివారం, ఫర్నేస్ ఉన్న సుజాత ఆంటీ ఇంట్లో పప్పులో నెయ్యి వేసేలోపే జుట్టంతా ఆరిపోయింది.

"మీ నాన్నతో చెప్పవే..." అని నా వైపు తిరిగిన అమ్మమ్మ, ఆగి, మొదటిసారి ఆయన వైపే తిరిగింది. "బాబూ, పురిటిబిడ్డకి రోజూ తలకి పొయ్యాలి. ఆ గోరువెచ్చ గాలికి ఆరదు."

నాన్న, "అట్టాగే అత్తయ్యగారూ" అన్నాడు. అప్పటికి పదేళ్ల అల్లుడరికంలో వాళ్లిద్దరి సుదీర్ఘ సంభాషణ అదే.

కొత్త ఫర్నేస్‌కి అమ్మమ్మ పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చింది. హారతి పొగకి స్మోక్ అలారం గోలపెట్టింది. బిగించినతను తన పనిలోనే ఏదో లోపమని బెంబేలెత్తిపోతే, చేతిలో కొబ్బరిచిప్ప పెట్టి పంపాం. ఫిబ్రవరి మంచులో తమ్ముడు పుట్టాడు. అమ్మమ్మ వాణ్ని చాచిన కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసి, వెంట్ ముందు ఒళ్లో వేసుకుని ఆరబెట్టి సాంబ్రాణి వేస్తుంటే, అలారం కింద అట్టతో విసరడం నా ఉద్యోగం. లోపలి గదిలో అమ్మ నిశ్చింతగా నిద్రపోయేది. ఆరడుగులు పెరిగిన తమ్ముడికి ఇవేవీ గుర్తుండే వీల్లేదు. వాడి జ్ఞాపకాల వాటా కూడా నా దగ్గరే ఉంది, నాకు దక్కిన అదృష్టాల్లో ఇదొకటి.

ఆ ఇల్లిప్పుడు వేరేవాళ్లది. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఎవరింటికైనా వెళ్లి వాళ్ల వెంట్ ముందు కూర్చుని కంచం తెప్పించుకునే చనువు నాకు లేదు, మా ఇంట్లో అలా కూర్చున్నవాళ్లూ లేరు. మిషిగన్ చలి ముందు క్యారీ చలి చలే కాదు. హీట్ పంపులు కూడా అప్పటికన్నా చాలా బాగుపడ్డాయి. అయినా మెకానిక్ పద్ధతి ప్రకారం ఆఖరి ప్రశ్న వేశాడు, ఇంట్లో చలికి ఆగలేని పెద్దవాళ్లెవరైనా ఉన్నారా అని.

లేరన్నాను.

అయితే ఎయిర్ హ్యాండ్లర్ సరిపోతుందన్నాడు, శుభవార్త చెప్పినట్టు.