ఆ చివరి రెండంకెలు

ఫోన్‌కు ఓటీపీ కోడ్ వచ్చిన చప్పుడు వింటే దాన్ని బోర్లా తిప్పేస్తాను. కొన్నేళ్లుగా మోస్తున్నాను ఈ బరువు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నా ముఖం మీకు తెలియదు కాబట్టి.

మాది సూళ్లూరుపేట. దొరవారిసత్రం వైపు వెళ్లి మా ఆయన తీసిన కొంగల వీడియోలతో నెట్‌లో నాకొక ఛానల్ ఉండేది. ఆయన పోయాక దాన్ని చూడలేక, వాకాడు దగ్గరుండే రమణమ్మ అనే ఆమెకు అమ్మేశాను. ఆమె, ఆమె తోడికోడలు కలిసి అందులో చేపల వంటలు పెట్టారు. అలా ఛానళ్లు అమ్మడం, కొనడం ఆ వీడియోల కంపెనీ ఒప్పుకోదు. ఇద్దరం తెలిసే చేశాం.

పాస్‌వర్డ్ ఇచ్చాను, ఆమె దాన్ని మార్చుకుంది. కోడ్ వెళ్లే చోట ఆమె నంబర్ చేర్చాను. నాది తీసేశానన్నాను. తీయలేదు. ఎందుకు? ఏమో, ఆమె దాన్ని ఏం చేస్తుందోనని అనుమానం. అమ్ముకున్న దాని మీద అనుమానమేమిటి నాకు?

ఒకరోజు చూస్తే కొంగలు లేవు. తీసేసింది. ఛానల్ ఆమెది, ఆమె ఇష్టం అని తెలిసి కూడా, మా ఆయన్ని మళ్లీ పోగొట్టుకున్నట్టై, ఒళ్లు మండి, నా ఫోన్‌కు కోడ్ రప్పించుకుని లోపలికి వెళ్లి పాస్‌వర్డ్ మార్చేశాను. ఆమె నంబర్ తీసేశాను.

మర్నాడే రమణమ్మ ఫోన్ చేసింది.

"అక్కా, ఛానల్ పోయింది. మా తోడికోడలే చేసుంటాది. పాస్‌వర్డు ఆమెకి గాక ఇంకెవురికి తెలుసు?"

"ఏమో రమణమ్మా. ఇంట్లోవాళ్లని గూడా ఒక కంట కనిపెట్టుకోని ఉండాల."

"నువ్వు గూడా అట్నే అంటుండావంటే, ఆమేలే అక్కా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఛానల్ లాక్కోవడం కోపంలో చేశాను. ఇది మాత్రం తెలిసి చేశాను. కొన్న ఖాతా గనక ఆమెకు ఫిర్యాదు చేసే దారి లేదు. ఒకే పొయ్యి మీద వండుకునే ఇద్దరూ వేరు పడ్డారని, ఎదురుపడినా మాట్లాడుకోరని తర్వాత విన్నాను. ఆ తోడికోడలు ఏసుప్రభువు మీద ఒట్టేసినా రమణమ్మ నమ్మలేదట.

నా అనుమానాన్ని తీసుకెళ్లి వాళ్లింట్లో పెట్టాను. అయినా అది నన్ను వదల్లేదు. ఎవరు ఫోన్ చేసినా, తెలిసిపోయిందేమో అనుకుంటాను.

నిన్న మళ్లీ కోడ్ వచ్చింది. పాస్‌వర్డ్ మరిచిపోయానని నొక్కి, ఛానల్‌లోకి వెళ్లాలని రమణమ్మ ఇంకా ప్రయత్నిస్తోంది. కోడ్ ఏ నంబర్‌కు వెళ్లిందో, దాని చివరి రెండంకెలు ఆమె తెర మీద కనిపిస్తాయి. అవి ఎవరివో ఆమె ఇంకా పోల్చుకున్నట్టు లేదు. కనీసం అవి తోడికోడలి నంబర్‌వి కావని అయినా ఎందుకు చూసుకోదో!

అవి నావి, రమణమ్మా. నీ తోడికోడలివి కావు.