మామగారి మాట విన్న డి.ఇ. గారు

కృష్ణా జిల్లా ఇంకా రెండు జిల్లాలు కాకముందు, ఒక అక్టోబరులో నన్ను అసిస్టెంట్ ఇంజనీరుగా నందిగామ కాలువల సబ్ డివిజనుకు వేశారు. నా పై అధికారి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అందరి నోటా డి.ఇ. గారు. అప్పటికి వీరులపాడు వైపు చివరి భూముల్లో వరి పొట్టదశలో ఉంది. ఆ దశలో తడి అందకపోతే గింజ తాలుపోతుంది.

నీళ్లు చాలనప్పుడు వంతులు పెడతాం. కొన్నాళ్లు ఎగువ తూములు మూసి దిగువకు వదలాలి, తర్వాత దిగువవి మూసి ఎగువకు. డి.ఇ. గారు నిజాయితీపరుడే గాని ఎవరినీ నమ్మేవారు కాదు. షట్టర్ల తాళాలన్నీ ఆయన జీపులోనే ఉండేవి. ఏ తగాదా అయినా ఆయనే తీర్చాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసు వరండాలో రైతులు నిలబడి ఉండేవారు. ఆయన ఇక్కడ పంచాయితీ తీరుస్తుంటే అక్కడ ఎగువవాళ్లు తాళం పగలగొట్టి షట్టరు లేపేవారు. నీరు వీరులపాడు దాకా చేరేది కాదు.

ఒకరోజు ఆయన మామగారు కోటయ్యగారు కీసర నుంచి కూతుర్ని చూడ్డానికి వచ్చి, అల్లుడికి ఆఫీసుకు అన్నం క్యారియరు తెచ్చారు. సాయంత్రం నాలుగు దాటినా డి.ఇ. గారు దాని మూత తీసిన పాపాన పోలేదు. మా వైపు మామ అల్లుడికి నలుగురిలో సలహా చెప్పడు. అల్లుడి అలకంటే ఎంతటి ఆసామికైనా భయమే. అందుకని పెద్దాయన నావైపు తిరిగి మాట్లాడారు.

“ఏఈగారూ, మీరన్నా చెప్పండి. అల్లుడుగారు ఇట్టా ఒక్కరే లాగితే మనిషీ నిలవడు, చేనూ నిలవదు. ఏ తూముకాడ ఆ తూముకి ఎగువోళ్లనొకళ్లని, దిగువోళ్లనొకళ్లని పెట్టి తాళం వాళ్లకిచ్చెయ్యండి. వాళ్లకి తెగని తగాదాలే ఈయన దాకా రావాలి.”

డి.ఇ. గారి ముఖం ఎర్రబడింది. ఆయన కోపం మాకు కొత్త కాదు. కాని ఆయన లేచి తన కుర్చీ మామగారి ముందుకు జరిపారు.

“కూర్చోండి మామయ్యగారూ. తాళాలు ఎవరెవరికివ్వాలో రైతుల్ని మీరే అడగండి. నేను వింటా.”

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తాళాలు పంచడానికి వెళ్తూ జీపులో ఆయనకు సండేస్కూల్లో విన్న బైబిల్లోని మోషే కథ చెప్పాను. మోషే కూడా జనం తగాదాలు ఒక్కడే తీరుస్తూ అలిసిపోతుంటే మామ యిత్రో వచ్చి ఇదే మాట చెప్పాడు, మోషే ఆ మామ చెప్పినట్టే చేశాడు. భూమ్మీద అందరికన్నా సాత్వికుడని మోషేకు పేరు.

“సముద్రాన్ని పాయ చేసినాయనేనా?” అని అడిగారు డి.ఇ. గారు. అవునన్నాను. “అంతటాయనే విన్నాడంటే, తూములు తిప్పుకునేవాణ్ణి నాదేముందిలెండి” అని నవ్వారు.

వంతులు నిలబడ్డాయి. వీరులపాడు చేలల్లో గింజ పాలుపోసుకుంది. డి.ఇ. గారు వేళకు అన్నం తిన్నారు.

మంచిమాట ఎవరు చెప్పినా వినేవాడి కింద పనిచేస్తే పనీ నడుస్తుంది, మనసూ కుదుటగా ఉంటుంది. కొన్నేళ్లకు నేను డి.ఇ.గా జగ్గయ్యపేట వెళ్లాను. అక్కడ తాళాలు మొదటి వంతుకే రైతుల చేతికిచ్చాను. మామగారు వచ్చేదాకా ఆగలేదు.