ఫైర్ ఎగ్జిట్లున్న బంగారు గుడి

శాంటా క్లారాలో మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతుంటే, ఎవరింట్లోనో నేతిలో గోధుమపిండి వేగుతున్న వాసన. చిన్నప్పటి మా పక్కింటి సర్దార్ అంకుల్ గుర్తొచ్చారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఆయన నాకంటే బాగా తెలుగు మాట్లాడేవారు.

ఓ ఆదివారం మమ్మల్ని గురుద్వారాకు తీసుకెళ్లారు. తలకు కట్టిన నారింజరంగు రుమాలు నా కళ్లమీదికి జారుతోంది. మేం సర్దార్లం కాదుగా, రానిస్తారో లేదోనని ఒకటే బెంగ. గుమ్మం పక్కన గోడమీద అమృత్‌సర్ పటం ఉంది. నీళ్ల మధ్య బంగారు గుడి. ఆ కొలను పేరే ఊరికి వచ్చిందనీ, గుడికి నాలుగు పక్కలా గుమ్మాలున్నాయనీ అంకుల్ చెప్పారు. ఆ వారమే స్కూల్లో ఫైర్ డ్రిల్ చేయించారు గనుక నాకు వెంటనే అర్థమైపోయింది.

"ఫైర్ ఎగ్జిట్సా అంకుల్? చుట్టూ వాటరే కదా, ఫైర్ ఎలా వస్తుంది?"

అంకుల్ గడ్డం ఊగేలా నవ్వారు. "బయటికి ఉరకనీకి కాదు బేటా. ఏ దిక్కు నుంచి ఎవరొచ్చినా లోపలికి రానీకి."

"మేము కూడానా?"

"నువ్వే ముందు నడువ్. ప్రసాదం చల్లారుతది."

రెండు చేతులూ చాపి వేడి గోధుమపిండి హల్వా అందుకున్నాను. వేళ్లకంటిన నెయ్యి సాయంత్రందాకా వాసన చూసుకున్నాను.

ఇవాళ ఆ వాసన వస్తున్న తలుపు ముందు ఆగాను. లోపలివాళ్లెవరో నాకు తెలియదు. ఉన్నది ఒక్కటే గుమ్మం. అయినా బెల్ కొట్టాను.