ఊదుగొట్టంలో అరుంధతి

మా ఇంట్లో కెమెరాకు చుక్కల దారి చూపింది పొయ్యి దగ్గరి ఊదుగొట్టం. ఈ మాట చెబితే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఆ గొట్టం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మూరెడు పొడుగు ఇనుప గొట్టం. ఒక కొస నిప్పుల్లో కాలి నల్లబడింది. ఇంకో కొస మా అత్త నోరూ, ఆమె తరువాత నా నోరూ తగిలి తగిలి నున్నబడింది.

మాది ముత్తంగి. నేను కాపురానికి వచ్చేటప్పటికి ఊరికి ఒక పక్క జొన్నచేలు, ఇంకో పక్క ఫ్యాక్టరీల గోడలు. మా ఆయనకు పొలం మీదకన్నా ఫోటోల మీద మనసు ఎక్కువ. పటాన్‌చెరులో చిన్న గది కిరాయికి తీసుకుని స్టూడియో పెట్టాడు. ఫ్యాక్టరీ పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు తల దువ్వుకుని వచ్చి అక్కడ పాస్‌పోర్టు ఫోటోలు దిగేవాళ్లు. ముహూర్తాలు ఉన్న నెలల్లో ఆయన పెళ్లిళ్లకు తిరిగేవాడు. మామ నేను రాకముందే పోయాడు. పిల్లలు అప్పటికింకా పుట్టలేదు. ఇంట్లో మేం ముగ్గురమే.

ఎండాకాలం పొద్దు గూకగానే దాబా మీద నీళ్లు చల్లేదాన్ని. ఆ వేడి చల్లారేలోగా కింద అన్నాలు తిని, చాపలు చంకన పెట్టుకుని పైకి ఎక్కేవాళ్లం. అత్త చాప ఎప్పుడూ ఉత్తరం దిక్కు పిట్టగోడ పక్కనే. ఇంకెవరైనా అక్కడ వేస్తే నోటితో ఏమీ అనేది కాదు, కాలితో ఆ చాపను పక్కకు జరిపేది. ఎందుకో నాకు మొదట్లో తెలియలేదు. గాలి కోసం అనుకున్నాను. గాలి కోసం కాదు, చుక్క కోసం.

వైశాఖంలో ఆ వేళకు ఏడు చుక్కలు ఉత్తరాన బాగా పైకి వచ్చి ఉంటాయి. నాలుగు చుక్కలు మంచం కోళ్ల మాదిరి, మూడు చుక్కలు తోక మాదిరి. తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు. ఆయన పక్కన ఆనుకుని, ఉన్నదా లేదా అన్నట్టు ఉండే చిన్న చుక్క అరుంధతి. అత్త రోజూ ఆమెను చూసి, ఒకసారి చేతులు జోడించి, అప్పుడు పక్కకు తిరిగి పడుకునేది.

"నా పెండ్లి రాత్రి పూట అయింది పిల్లా" అని చెప్పింది ఒకనాడు. "అయ్యగారు వేలు పెట్టి చూపెట్టిండు. నాకేం కనబడలే. చిన్నదాన్ని, ఏడుపొచ్చింది. గప్పుడు మీ మామ నా చెవుల మెల్లగ చెప్పిండు, గా పెద్ద చుక్క పక్కకు సూడు, కొంగు పట్టుకొని నిలబడ్డది అని. ఇగ కనబడ్డది. ఆయన నాతోటి మాట్లాడిన మొదటి మాట గదే."

"నా పెండ్లి మిట్టమధ్యాహ్నం అయింది గదా అత్తా."

"మరి అయ్యగారు చూపెడితే ఏమన్నవ్?"

"కనబడ్డది అన్న."

"ఏం కనబడ్డది?"

"ఏముంటది, ఎండ. తుమ్ము గూడ వచ్చింది."

అత్త పడీపడీ నవ్వింది. మా పెళ్లికూతుళ్లందరిదీ ఆ మాటే. అయ్యగారి వేలు ఎటు పోతే అటు చూసి, కనబడ్డదంటాం. అత్త ఒక్కతే నిజంగా చూసింది. అందుకే ఆమెకు అది అంత ముఖ్యం.

ఒక ఎండాకాలం అత్త చేతులు జోడించలేదు. చాప మీద కూర్చునే ఉంది. కళ్లు కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. మరునాడూ అంతే. మూడోనాడు నేనే అడిగాను.

"పెద్ద చుక్క ఉన్నది" అంది. "పక్కకు ఆమె లేదు. మీ మామ ఒక్కడే నిలబడ్డడు."

మా దిక్కు ఒక నమ్మకం ఉంది. అరుంధతి కనబడకపోతే ఆ మనిషికి ఇక ఆరు నెలలే అంటారు. అత్త ఆ మాట పైకి అనలేదు. తెల్లారి పెట్టె తీసి, జరీ అంచు చీర నా చేతిలో పెట్టింది. వెండి కడియాలు గుడ్డలో చుట్టి మా ఆడబిడ్డకు పంపింది. పెళ్లై వచ్చిననాటి నుంచి నాకు ఆ ఇంట్లో మాట్లాడే మనిషి ఆమే. మా ఆయన స్టూడియోకు పోతే చీకటిపడ్డాకనే రావడం. రొట్టె కొట్టినా, బియ్యం ఏరినా, మేమిద్దరం ఏదో ఒకటి చెప్పుకుంటూనే ఉండేవాళ్లం.

ఆమె కళ్లకు పొర వస్తోందని నాకు అంతకుముందే తెలుసు. సూదిలో దారం ఎక్కించలేక నన్ను పిలిచేది. కంటి ఆపరేషన్ల క్యాంపు పెడతారట, పోదాం అంటే తల అడ్డంగా ఊపింది.

"ఆరు నెలల పానానికి కంటికి కోత ఎందుకు బిడ్డా?"

"నాకు గూడ ఆమె కనబడ్తలేదు అత్తా. అయితే ఇద్దరం కలిసే పోదామా?"

"నోరు మూయి. నువ్వు ఎన్నడన్న చూసినవా? ఎరుగని మనిషిని ఎట్ల గుర్తుపడతవ్?"

మా ఆయన చెప్పి చూశాడు. "ఫ్యాక్టరీల లైట్లకు ఆకాశమంత తెల్లగైందవ్వా. చిన్నచుక్క ఎట్ల కనబడతది?"

"లైట్లకు పెద్ద చుక్క పోలేదు గదరా."

ఆ రోజు కొడుకు అన్నం సగంలోనే లేచాడు. చెయ్యి కడుక్కుంటూ నాతో అన్నాడు, "కంటికి అందని వెలుతురు రీలుకు అందుతది. మూత తీసి జెరసేపు ఉంచితే జమైతది. ఫోటో తీసి అవ్వకు చూపెడత. అరుంధతి ఆడనే ఉన్నదని చూస్తే ఆపరేషన్‌కు ఒప్పుకుంటదేమో."

చెప్పినంత సులువు కాలేదు. పొడుగు లెన్సు పెట్టి, స్టాండు మీద కెమెరాను పైకెత్తి చూస్తే అద్దంలో అంతా నలుపు. పెళ్లికొడుకు అయితే ఇటు జరుగు అటు జరుగు అనవచ్చు. చుక్కతో ఏమంటాం? మెడ వంచి, మోకాళ్ల మీద కూర్చుని, ఆఖరుకు వెల్లకిలా పడుకుని కూడా చూశాడు. మొదటి రీలు కడిగితే ఒక మూల ఫ్యాక్టరీ లైటు తప్ప ఏమీ లేదు. రెండో రీల్లో ఒక చుక్క పడింది గాని అది ఏ చుక్కో మాకే తెలియదు. పైగా మీట నొక్కినప్పుడు కెమెరా అదిరి, ఆ చుక్క వానపాములా మెలికలు తిరిగింది.

తెల్లారి నేను పొయ్యి ఊదుతూ ఉన్నాను. గొట్టం ఎత్తి, మసి పట్టిందేమోనని కన్ను పెట్టి చూస్తే, అవతల గోడ మీది కాకి ఒక్కటే ఆ గుండ్రటి కంతలో కనబడింది. చుట్టూ ఇంకేం లేదు. అదే గొట్టం తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, పాత సైకిల్ ట్యూబు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

ట్యూబును పేలికలుగా కోసి గొట్టాన్ని కెమెరా నెత్తిన కట్టాడు. కట్టగానే సరిపోదు. కెమెరా ఒక దిక్కు, గొట్టం ఒక దిక్కు చూస్తే పని కాదు. దూరాన ఫ్యాక్టరీ నీళ్ల ట్యాంకు మీద మునిమాపు వేళకు ఒక ఎర్ర లైటు బుగ్గ వెలిగేది. ఆ బుగ్గను కెమెరా అద్దంలో నట్టనడుమకు తెచ్చి స్టాండు బిగించాడు. నేను గొట్టంలో కన్ను పెట్టాను. బుగ్గ గొట్టంలో ఒక పక్కకు ఉంది. గొట్టం కింద అగ్గిపుల్ల దూర్చితే కొంచెం జరిగింది. అట్ట ముక్క మడిచి ఇంకో పక్కన పెడితే నడుమకు వచ్చి నిలిచింది. అప్పుడు ట్యూబు ఇంకో చుట్టు గట్టిగా బిగించాం. అక్కడి నుంచి గొట్టంలో ఏది నడుమ ఉంటే కెమెరాకు అదే నడుమ.

మా హడావిడి చూసి అత్త అడిగింది, "ఏంది, ఆకాశానికి పొయ్యి పెడుతున్నరా?"

"నీ కోడలు ఊదుతదట అవ్వా, చుక్కలు మంచిగ అంటుకుంటయని" అన్నాడు కొడుకు.

మూడు రోజులు పొగ, దుమ్ము. నాలుగోనాడు మధ్యాహ్నం ఈదురుగాలితో వాన కొట్టి ఆకాశాన్ని కడిగింది. అన్నాలు తిని పైకెక్కాం. ఉత్తరాన పెద్ద చుక్కలు కనబడుతున్నాయి గాని, పక్కన ఫ్యాక్టరీ వెలుగు అలాగే ఉంది. తోకలో నడిమిది ఏదో తేల్చుకోలేక మా ఆయన అటూ ఇటూ తిప్పుతుంటే, అత్త చాప మీద నుంచే చెయ్యి చాపింది.

"గిటు. నా వేలు మీదుగ సూడు."

నేను ఆమె వెనక కూర్చుని, ఆమె భుజానికి చెంప ఆనించి, వేలు పోయిన దారినే చూశాను. ఆమెకు మసకగా కనబడే ఆ ఒక్క చుక్క దగ్గరకు వేలు తిన్నగా పోయింది. నా పెళ్లిలో అయ్యగారి వేలు గుర్తొచ్చింది. గొట్టంలో ఆ చుక్కను పట్టాను. నడుమకు తెచ్చి, "ఇగ కదిలియ్యకు" అన్నాను. మీట నొక్కితే కెమెరా అదురుతుందని తెలిసింది కదా, లెన్సు ముందు మసి పట్టిన గిన్నె మూతను అడ్డం పట్టుకున్నాను. ఆయన మీట నొక్కి అలాగే పట్టుకుని ఊపిరి బిగపట్టాడు. అదురు ఆగాక నేను మూత తీశాను. కొంచెంసేపు ముగ్గురమూ రాళ్లలా ఉన్నాం. మళ్లీ మూత పెట్టాను.

ఫోటో కడిగి తెచ్చిన రోజు ఆయన సైకిల్ దిగకుండానే పిలిచాడు. నల్లటి కాగితం మీద రెండు చిన్న గీతలు. ఒకటి బియ్యపు గింజంత. దాని పక్కన, ఆనుకుని, జీలకర్ర గింజంత ఇంకొకటి. చుక్కలు నడుస్తుంటాయి గనుక గీతల్లా పడ్డాయట. నేను ఆ చిన్న గీతను చూస్తూ నిలబడిపోయాను.

అత్త ఫోటోను ముక్కు దగ్గరకు తెచ్చుకుని, వాకిట్లో ఎండలోకి నడిచి, చాలాసేపు చూసింది.

"ఉన్నది గదవ్వా?" అన్నాడు కొడుకు.

"ఉన్నది. ఫోటోల మీ నాయిన గూడ ఉన్నడు."

గోడ మీద మామ ఫోటో దిక్కు మేమెవ్వరం చూడలేదు. మా ఆయన సైకిల్ తీసుకుని మళ్లీ స్టూడియోకు పోయాడు. నేను పొయ్యి దగ్గరకు పోయి, వెలుగుతున్న నిప్పునే ఊదుతూ కూర్చున్నాను. పోయినవాళ్లూ ఫోటోలో ఉంటారంటే ఇక ఒప్పుకోదనుకున్నాను.

కాని ఆమె ఆ ఫోటోను పారెయ్యలేదు. దేవుని గూట్లో పెట్టింది. వానాకాలం వచ్చింది. ఏడు చుక్కలు సాయంత్రాలు కనబడకుండా పోయాయి. ఒకనాడు ఆకుకూర తెంపుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"రీలుకు కనబడ్డది గదా పిల్లా. నాకెందుకు కనబడది? రీలు కన్ను మంచిగున్నది, నా కన్ను ఖరాబైంది. గంతే గదా?"

"గంతే అత్తా."

"కన్ను కోస్తే కనబడతదా?"

"కనబడతది" అన్నాను. కనబడుతుందో లేదో నాకేం తెలుసు.

కార్తీకం వచ్చింది, పోయింది. ఆరు నెలల మాట ఎవరమూ ఎత్తలేదు. చలికాలంలో క్యాంపు పెడితే నా చెయ్యి పట్టుకుని వచ్చి ఆపరేషన్ చేయించుకుంది. అద్దాలు వచ్చాయి. సూదిలో దారం తానే ఎక్కించి, నాకు చూపించి మరీ పక్కన పెట్టింది. ఇక ఎండాకాలం కోసం ఎదురుచూపు. మాఘంలోనే దాబా ఊడ్చింది.

వైశాఖం వచ్చేసరికి మా ఉత్తరం దిక్కున ఇంకో ఫ్యాక్టరీ లేచింది. దాని లైట్లు మా పిట్టగోడ మీద నీడలు వేసేంత వెలుగు. అత్త అద్దాలు తుడుచుకుని చూసింది. పెద్ద చుక్క ఒక్కటే. లేచి చాప చుట్టింది.

"మీ తల్లిగారింటి కాడ ఫ్యాక్టరీలు ఉన్నయా?"

మా తల్లిగారిది హత్నూర దిక్కు. ఊరి చుట్టూ చేలే. కాని కోడలి తల్లిగారింట్లో ఒక పూట తినడానికే మొహమాటపడే మనిషి, అక్కడ రాత్రి పడుకోవడమంటే నామోషీ అనే మనిషి. నేను నమ్మలేక చూస్తుంటే అంది, "జల్దీ చెప్పు. నా మనసు మారక ముందు."

మేం పోయిన రోజు మా అమ్మ కాళ్లు నేలకు ఆనలేదు. వియ్యపురాలికి ఏం వండాలో తెలియక అన్నీ వండింది. అత్త రెండు ముద్దలు తిని లేచింది. మిద్దె మీద చాప వేశాను. అక్కడ ఆకాశం మా ముత్తంగిది కాదు. చుక్కలు కుండలోంచి ఒలికినట్టు ఉన్నాయి. మా ఆయన కెమెరా స్టాండు నిలబెట్టబోతే అత్త అంది, "ఉండనియ్యి బిడ్డా. ఇయ్యాల నా కన్ను చూడనీ."

గొట్టం మాత్రం అడిగింది. నేను కొస పట్టుకున్నాను, ఆమె కన్ను పెట్టింది. తానే మెల్లగా జరుపుకుంది. ఒకచోట ఆగింది. ఇక జరపలేదు.

"పక్కకే ఉన్నది" అంది.

తరువాత గొట్టం తీసేసి, నన్ను తన పక్కన పడుకోబెట్టుకుని, నా చెవి దగ్గరకు నోరు తెచ్చింది. పక్కన ఉన్న కొడుకుకు కూడా వినబడనంత మెల్లగా చెప్పింది. "గా పెద్ద చుక్క పక్కకు సూడు. కొంగు పట్టుకొని నిలబడ్డది."

చూశాను. ఈసారి ఎండా లేదు, తుమ్మూ లేదు. కనబడ్డది.

ఆరు నెలలనుకున్న మనిషి నా పిల్లలిద్దరినీ ఎత్తుకుని పెంచింది. ఆమె పోయిన తరువాత ఆ చాప జాగాలో నేను పడుకుంటున్నాను. ఇప్పుడు మా ఊరి పక్కన రింగు రోడ్డు పని నడుస్తోంది, తెల్లవార్లూ లైట్లే. మబ్బు లేనినాడు కూడా పెద్ద చుక్కను వెతికి పట్టుకోవాలి. నేను అప్పుడప్పుడు గొట్టం పైకి తెచ్చుకుని, అత్త చెయ్యి చాపిన దిక్కుకే పెట్టి చూస్తాను. వశిష్ఠుడు దొరుకుతాడు. పక్కన ఖాళీగా ఉంటుంది. ఆమె అక్కడ ఉన్నదని నాకు తెలుసు, నా కళ్లతో చూసినదాన్ని. దాని కోసం కాదు నేను చూసేది. అట్లా ఒక కన్ను మూసి పడుకుంటే, చెవి పక్కన ఎవరో చెప్పబోతున్నట్టు ఉంటుంది. పగటి వేడి పోయి గొట్టం చల్లబడేదాకా అట్లాగే ఉంటాను.