నీలం చేతుల ఓటు

మా వీధిలో ఓటు వేయని ఇల్లంటూ లేదు. ఎవరికి వేశారో కూడా అందరికీ తెలుసు, ఎందుకంటే వాళ్లే అరిచి చెప్తారు. నగరి పక్కన నేతపని వాళ్ల వీధి మాది. మరమగ్గాల చప్పుడులో మెల్లగా మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు.

మా మామ, అంటే మా ఆయన వాళ్ల నాయన, ఒక పార్టీ తరఫున పోలింగు బూత్‌లో ఏజెంటుగా కూర్చుంటాడు. ఎదురింటి పాలాయన అవతలి పార్టీ ఏజెంటు. పోయిన ఎలక్షన్లో ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. అప్పటినుంచి పలకరింపులు లేవు. పాలు మాత్రం ఆయన దగ్గరే. చెంబు తీసుకుని నేను పోతాను, మామ కిటికీలోంచి కొలత చూస్తుంటాడు.

ఆ పోయిన ఎలక్షన్లోనే నా ఓటు గల్లంతయింది. పెళ్లయిందని మా పుట్టింటి ఊరు పాకాలలో పేరు తీసేశారు, ఇక్కడ ఎక్కించలేదు. వీధిలో అందరూ వేలికి సిరాచుక్క పెట్టుకుని వస్తే నేనొక్కదాన్నే వాకిట్లో నిలబడి చూశాను. ఆ తరువాత కాగితాలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి పేరు ఎక్కించుకున్నాను. అందుకే ఈ ఎలక్షన్ కోసం పండగలా కాచుకున్నాను.

నా పని నూలుకు రంగు వేయడం. తొడుగులు వేసుకుంటే రంగు పట్టిందీ లేనిదీ చేతికి తెలియదు కాబట్టి వట్టి చేతులే తొట్టిలో పెడతాను. ఆ వారమంతా పెళ్లి చీరలకు ముదురు నీలం. ఓటు నాడు తలస్నానం చేసి, మంచి చీర కట్టుకుని లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. బూత్‌లో ఆఫీసరు ఎడమచెయ్యి చూపించమన్నాడు. చూపించాను.

"ఏమ్మా, ఓటు వేసేసి మళ్లీ వచ్చావా?"

"లేదు సార్, ఇది నూలు రంగు."

"ఆ చెయ్యి కూడా చూపించు." రెండో చెయ్యీ చాపాను. ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "పది వేళ్లకీ ఉందే! పది ఊళ్లలో వేసొచ్చావా?"

లైనంతా నవ్వింది.

"పక్కకి నిలబడు. నిమ్మకాయతో రుద్దుకుని రాపో."

"నిమ్మకాయ, కిరసనాయిలు, సబ్బు అన్నీ అయినాయి సార్. నాలుగు దినాలకి గానీ పోదు."

మామ లేచాడు. "సార్, అది మా కోడలు. రంగుపని చేస్తాది."

"మీ కోడలు కాబట్టి మీరట్లే చెప్తారు, కూర్చోండి." ఆఫీసరు పాలాయన వైపు తిరిగాడు. "అవతలి ఏజెంటు మీరే కదా. మీకేమైనా అభ్యంతరం ఉందా?"

పాలాయన ఉందని ఒక్క మాట అంటే చాలు, మామ పార్టీకి ఒక ఓటు తగ్గిపోతుంది. పాలాయన మెల్లగా లేచాడు.

"ఉండాది సార్."

మామ పళ్లు కొరికాడు.

"ఈ పాప దినామూ నా లీటరు కొలతకి నీలం అంటిస్తాది. తోమీ తోమీ నా పెండ్లాం నన్ను తిడతాండాది. అదీ నా అభ్యంతరం. ఈ పాప సేతులు ఎప్పుడు సూసినా ఇట్లనే ఉంటాయి సార్. ఓటు ఎయ్యలేదు, ఎయ్యనీండి."

"సూడండి సార్, ఆయప్పే చెప్తాండాడు!" అన్నాడు మామ.

ఆఫీసరు జాబితా చూశాడు, నా పేరు దగ్గర టిక్కు లేదు. పొమ్మన్నాడు. సిరా పెట్టే అమ్మాయి ఎక్కడ పెట్టాలో తెలియక గోరు తుడిచి తుడిచి, చివరికి కణుపు దాకా పొడుగ్గా గీత గీసింది. మిషన్ కుయ్యిమంది. అద్దం వెనక చీటీ కిందికి పడేదాకా కదల్లేదు నేను.

సాయంత్రం మామకు కుదురు లేదు. "వాడు నీ తరఫున ఊరికే లేస్తాడా? అమ్మీ, నువ్వు ఏసింది మనకే కదా?"

నేను నవ్వి పొయ్యి దగ్గరికి పోయాను. మా అత్త బియ్యం ఏరుతూ అందుకుంది. "ముప్పై ఏండ్లుగా నేనే చెప్పలేదు, అది యాల చెప్తాది?"

మామ ముఖం చూడాలి ఆ క్షణాన. "ఏందీ! నువ్వు కూడానా?"

మరుసటి రోజు పొద్దున పాలచెంబు నాకివ్వకుండా మామే తీసుకుని వీధి దాటాడు. ఈసారి కిటికీ దగ్గర నేను నిలబడ్డాను.

"ఏమప్పా," అన్నాడు మామ, "మా కోడలు నీకేమైనా చెప్పిందా?"

"లేదప్పా. నీకు?"

"నాకూ లేదు."

పాలాయన కొలత నింపి చెంబులో పోశాడు. తరువాత అడక్కుండానే ఇంకొంచెం పోశాడు. "నా పెండ్లాం కూడా చెప్పదప్పా," అన్నాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. పాలు ఇంటికి వచ్చేసరికి కాఫీ వేళ దాటిపోయింది.